కన్ను ఎక్కడ, ఊరు ఏది: కుండీలో దొరికిన దుంపను చలికాలం దాటించడం

అక్టోబరు మూడో వారం. ఆ శనివారం రాత్రి తొలి ఫ్రాస్టు, అంటే ఆకుల మీద మంచు గడ్డకట్టి మాడ్చేసే చలి, పడుతుందని న్యూజెర్సీ వాతావరణ సూచన. మే నెలలో నర్సరీ నుంచి తెచ్చి డెక్కు మీద పెట్టుకున్న పెద్ద పూలకుండీని ఖాళీ చేద్దామని, పాత దుప్పటి పరిచి దాని మీద బోర్లించాను. మట్టి కుండీ ఆకారంలోనే ముద్దగా ఊడివచ్చింది. వేళ్ళతో విడదీస్తుంటే గులాబీ రంగు తొక్కతో అరచేయంత గడ్డ ఒకటి తగిలింది. దాని పక్కన బూడిదరంగులో, ఒకే కాడకు అంటిపెట్టుకుని, చిన్న అరటి హస్తంలాంటి గుత్తి. అడుగున ముడతలుపడిన గోధుమరంగు ఉండలు రెండు. ఏ మొక్క ఏదో చెప్పే లేబుళ్ళు జూన్ వానలకే ఎటో కొట్టుకుపోయాయి.

తెనాలి నుంచి వచ్చి మాతో ఉన్న అమ్మ గులాబీ గడ్డను చేతిలోకి తీసుకుని గోటితో గీసింది. గీసినచోట తెల్లగా పాలు ఊరాయి. "చిలగడదుంప కదూ ఇది? కడిగి ఉడకబెట్టేదా?" అంది.

అమ్మ సరిగ్గానే గుర్తుపట్టింది. ఉడకబెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. కారణం తర్వాత చెబుతాను. ముందు అసలు చిక్కు సంగతి. చలిదేశాల్లో కుండీలు పెంచేవాళ్ళకు ఏటా ఈ రోజుల్లో ఇలాంటివి చేతికి తగులుతాయి. పారేయడానికి మనసొప్పదు. దాచుదామంటే ఇదేమిటో తెలియదు, తెలియకుండా దాస్తే మార్చికల్లా కంపుకొట్టే ముద్ద మిగులుతుంది. దుంపను గుర్తుపట్టడం, దాన్ని దాచడం రెండు వేరు పనులని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో రెండూ ఒకే పని. గడ్డ చేతికి రాగానే దాన్ని రెండు ప్రశ్నలు అడగాలి: నీ కన్ను ఎక్కడుంది? నీ ఊరు ఏది? మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే దాన్ని ఎలా కోయాలో, ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలో తెలుస్తుంది. రెండోదానికి దొరికితే ఎంత చలిలో పెట్టాలో తెలుస్తుంది.

కన్నుతో మొదలుపెడదాం. తెలుగులో నేల కింద ఉబ్బినదల్లా దుంపో, గడ్డో. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, చేమగడ్డ అన్నీ ఒకే బుట్టలో పడతాయి. పైగా ఊరు మారితే పేరు మారుతుంది. కోస్తాలో కంద అంటే గొంతు దురదపెట్టే కంద. తెలంగాణలో కందగడ్డ అంటే తియ్యటి చిలగడదుంప. రాయలసీమకు పోతే అదే గెనసుగడ్డ. వంటింటికి ఈ పేర్లు చాలు. పసుపు, అల్లం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన వాడుక ఒక్కసారిగా పదునెక్కుతుంది: వాటిని కొమ్ములంటాం. పసుపు కొమ్ము మీద ఉంగరాల్లాంటి గీతలుంటాయి, ఆ గీతల దగ్గర మొగ్గలుంటాయి, అది అడ్డంగా కొమ్మలు వేస్తూ పాకుతుంది. ఎవరు పెట్టారో గానీ ఆ పేరు పెట్టినవాళ్ళకు మొక్క తెలుసు. వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఆ మాటనే తీసుకుని నేల కింద పాకే కాండానికి కొమ్ము అని పేరు పెట్టాయి. చేమ, కందల లాంటిది కందం. ఉల్లిలా పొరలున్నది లశునం. బంగాళాదుంప దుంప కాండం, చిలగడదుంప దుంప వేరు.

'బంగాళాదుంప కాండం, చిలగడదుంప వేరు' అన్న ముక్కను బడిలో బట్టీపట్టని తెలుగువాడు ఉండడు. ఒక మార్కు తెచ్చిపెట్టడం తప్ప దానివల్ల ఉపయోగం ఏమిటో నాకు ఆ రోజుల్లో అర్థం కాలేదు. ఉపయోగం ఇదిగో. కాండానికి కణుపులుంటాయి, కణుపు కణుపుకూ మొగ్గ ఉంటుంది. అందుకే బంగాళాదుంపను ముక్కలు కోసినా ప్రతి ముక్కలో ఒక కన్ను ఉంటే చాలు, మొలుస్తుంది. వేరుకు కణుపులుండవు. వేరు మొలవాలంటే లోపలి కణాల నుంచి కొత్తగా మొగ్గను పుట్టించుకోవాలి, లేదా తన తల దగ్గరున్న కాండాన్ని ఆధారం చేసుకోవాలి. చిలగడదుంప మొదటి పని చేయగలదు. డాలియా చేయలేదు. బయటికి రెండూ ఒకే తీరు గడ్డల్లా కనిపిస్తాయి. డాలియా గడ్డను కాడ నుంచి తుంచేస్తే మాత్రం అది చక్కగా బతికే ఉంటుంది, నెలల తరబడి ఉంటుంది, ఎప్పటికీ మొలవదు.

పాఠ్యపుస్తకపు తేడా అని కొట్టిపారేయకుండా, ఈ వేరు-కాండం తగాదా అమెరికా చట్టంలోకి కూడా ఎక్కింది. 1930లో వచ్చిన మొక్కల పేటెంటు చట్టం దుంపలతో పెంచే మొక్కలకు పేటెంటు ఇవ్వదు. అక్కడ దుంప అంటే నేల కింద లావెక్కిన కొమ్మ అని సంకుచితార్థం. బంగాళాదుంప, జెరూసలేం ఆర్టిచోక్ లాంటివి దాని కిందకు వస్తాయి. చిలగడదుంప వేరు కాబట్టి ఆ మినహాయింపు దానికి తగలదు. అందుకే నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలో పుట్టిన 'స్వీట్ కరొలైన్' వరస అలంకారపు చిలగడ తీగలకు పేటెంట్లు వచ్చాయి. కుండీతోపాటు వచ్చిన లేబుల్ మీద ఆ సంగతి ఉంటుంది. పేటెంటు గడువు ఉన్నంతకాలం ముక్కలతో, పిలకలతో ఆ రకాన్ని పెంచే హక్కు పేటెంటుదారుదే. దుంపలను దాచే ముందు లేబుల్ దాచుకోవడానికి ఇదొక కారణం.

ఇక ఒక్కొక్క గడ్డనూ చేతిలోకి తీసుకుని చూద్దాం.

అమెరికాలో కుండీ అంచు మీదుగా కిందికి జారే లేత ఆకుపచ్చ తీగో, నల్లటి ఊదారంగు తీగో కనిపిస్తే అది దాదాపుగా అలంకారపు చిలగడతీగే. మార్గరీటా, బ్లాకీ బాగా పాతుకుపోయిన రకాలు. ఆకులు కొన్నిటికి హృదయాకారంలో, కొన్నిటికి కోడికాలి వేళ్ళలా చీలి ఉంటాయి. కొనేటప్పుడు దుంప ఊరుతుందని ఎవరూ చెప్పరు. వేసవంతా ఎండా నీళ్ళూ తిన్న తీగ అక్టోబరుకు ఊదారంగులోనో, రాగిరంగులోనో, తెలుపులోనో గడ్డలు వేస్తుంది, ఒక్కోసారి పలచటి ప్లాస్టిక్ కుండీని పగలగొట్టేంత. గుర్తు చాలా తేలిక. రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా ఉంటుంది. తొక్క మీద అక్కడక్కడా సన్నటి వేరు పీచులు. గీస్తే జిగురు పాలు. కళ్ళు కనిపించవు, ఎందుకంటే లేవు. తీగకు అంటుకుని ఉన్న కొస ఏదో గుర్తుంచుకుంటే మంచిది. వసంతంలో పిలకలు ఎక్కువగా అటువైపు నుంచే వస్తాయి.

బూడిదరంగు గుత్తి డాలియా. పుట్టిల్లు మెక్సికో. 1789లో విత్తనాలు మాడ్రిడ్‌లోని రాచ ఉద్యానానికి చేరాయి. 1791లో కవనిల్లెస్ అనే స్పానిష్ వృక్షశాస్త్రజ్ఞుడు స్వీడన్‌కు చెందిన ఆండర్స్ డాల్ పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. మెక్సికో 1963లో దాన్ని జాతీయ పుష్పంగా ప్రకటించింది. గుత్తిని వెలుతురుకు ఎత్తి చూస్తే మూడు భాగాలు తెలుస్తాయి: లావుపాటి గడ్డ, దాన్ని మోసే సన్నటి మెడ, మెడలన్నీ కలిసే చోట పాత కాడ మొదలు. కన్ను ఉండేది ఆ కాడ మొదట్లోనే, మెడ కాడను కలిసే అంచున, ఆవగింజంత బొడిపెగా. అక్టోబరులో అది సరిగ్గా కనిపించదు కూడా. గడ్డ కోసిచూస్తే చిలగడలా పాలు కారవు. ముల్లంగిలా కరకరమంటూ నీటితో మెరుస్తుంది. మెడ దగ్గర విరిగిందా, చర్మం ఒక్కటే పట్టుకుని వేలాడుతోందా, ఆ గడ్డ పని అయిపోయినట్టే. అందుకే డాలియా గుత్తిని కాడ పట్టుకుని లాగకూడదు. కింద చెయ్యిపెట్టి, నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాలి.

మెట్ట తామరను తెలుగువాళ్ళకు చూపించి చెప్పాల్సిన పనిలేదు. పసుపు కొమ్మును పదింతలు పెంచితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది: ఉంగరాలు, వాటి మీద ఎండిన పొర, కొసన గులాబీరంగు మొగ్గ. ప్రతి ముక్కకూ ఒకటి రెండు మొగ్గలు ఉంచి కోస్తే అన్నీ బతుకుతాయి. ఇంత సులువైన మొక్క ఇంకోటి లేదు.

అడుగున దొరికిన ముడతల ఉండలు కెలాడియంవి. చేమ కుటుంబమే. ఆకు మీద ఎరుపు, తెలుపు, గులాబీ చుక్కలతో నీడపట్టున పెంచే ఈ మొక్క దుంపల్లో అత్యధిక భాగం ఫ్లోరిడాలోని లేక్ ప్లాసిడ్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల పొలాల నుంచే వస్తుంది. ఉండ మీద బుడిపెలు బుడిపెలుగా కళ్ళు, నడిమధ్యన ఒకటి పెద్దది. పిడికిలంత లావుగా, పీచుతో, చుట్టూ పాత ఆకు మచ్చల వలయాలతో ఉంటే అది పెద్దాకుల చేమ. అమెరికాలో ఏనుగు చెవులంటారు. ఈ కుటుంబాన్ని కోసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి. కాల్షియం ఆక్సలేటు సూది స్ఫటికాలు చర్మంలో గుచ్చుకుంటాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత ఉంది గానీ, కత్తిపీట పట్టినవాడికి మాత్రం తప్పదు.

దుంప బిగోనియా చూడముచ్చటగా ఉంటుంది. గోధుమరంగు బిళ్ళ. ఒకవైపు గుండ్రంగా, రెండోవైపు చిన్న దీపపు ప్రమిదలా గుంటపడి. కన్ను ఆ గుంటలోనే. పగలు పన్నెండు పదమూడు గంటలకంటే తక్కువైనప్పుడే అది దుంప కట్టడం మొదలుపెడుతుంది. కాబట్టి సెప్టెంబరులోనే తొందరపడి పీకేస్తే గోలీ అంతే దొరుకుతుంది.

మోసం చేసేవి కూడా ఉన్నాయి. వేలాడే బుట్టల్లో పెట్టే ఆస్పరాగస్ ఫెర్న్ తిరగేస్తే ద్రాక్షపళ్ళంత తెల్లటి కాయలు గుత్తులుగా వేళ్ళకు వేలాడతాయి. దుంపలు దొరికాయని సంబరపడి వాటిని దాచుకున్నవాళ్ళను నేనెరుగుదును. అవి మన శతావరికి దాయాది అయిన మొక్క పెట్టుకున్న నీటి కుండలు. వాటికి కన్నూ లేదు, కన్ను పుట్టించే శక్తీ లేదు. దాచుకోవాలంటే మొక్కనే తలతో సహా ఇంట్లోకి తెచ్చుకోవాలి. మాండవిల్లా తీగలు కొన్నిటికి కింద తెల్లటి లావు వేళ్ళు ఉంటాయి, కోస్తే పాలు కూడా కారతాయి. చిలగడ అనుకోవడానికి అన్ని హంగులూ ఉన్నాయి. అందుకే పాలొక్కటీ చూసి తీర్పు చెప్పకండి. మిగిలిన కాడ, ఆకు, గడ్డ మొదలు మూడూ కలిపి చూడాలి. ఆకులు రాలకముందే ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు.

అమ్మను ఎందుకు ఆపానో ఇప్పుడు చెప్పాలి. అలంకారపు చిలగడ విషం కాదు. మనం తినే చిలగడ జాతే అది. ఆకు అందం కోసం ఎంచిన రకం కావడంతో రుచి ఉండదు, కొన్ని చేదు. అసలు అభ్యంతరం మరోటి: తినే పంటల మీద వాడకూడని పురుగుమందులు నర్సరీ పూలమొక్కల మీద వాడతారు, అవి మొక్క లోపలికి ఇంకుతాయి. అంతకంటే పెద్ద భయం అడవి నాభి. అగ్నిశిఖ అని కూడా అంటాం. తమిళనాడు రాష్ట్ర పుష్పం. నిప్పుకణికల్లాంటి ఆ పూల కోసం అమెరికాలోనూ కుండీల్లో పెంచుతారు. దాని గడ్డ తెల్లగా నున్నగా, వేళ్ళు రెండు విప్పి చూపినట్టు వి ఆకారంలో ఉంటుంది. ఒక కొమ్మ విరిగిపోతే మామూలు చిలగడలాగే కనిపిస్తుంది. నిండా కోల్చిసిన్ అనే విషం. చిలగడదుంప అనుకుని వండుకు తిని ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు మన దేశంలోనూ శ్రీలంకలోనూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కుండీలో దొరికిన ఏ గడ్డనైనా మొలిపించడానికే ఉంచుకోండి. కూరకు బజారు ఉంది.

ఇక రెండో ప్రశ్న, ఊరు.

అమెరికాకు వచ్చిన మొదటి ఏడాది అక్టోబరులో నేను చేసిన పని ఇది. డాలియా, మెట్ట తామర, కెలాడియం, చిలగడ నాలుగింటినీ ఒకే అట్టపెట్టెలో, పాత వార్తాపత్రికల మధ్య సర్ది, వేడి లేని గరాజులో అరుగు మీద పెట్టాను. అట్టపెట్టె మీద 'దుంపలు' అని రాసుకున్నాను కూడా. మార్చిలో విప్పితే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. చిలగడలు నల్లగా నీరుగారి పత్రికకు అతుక్కుపోయాయి. కెలాడియం ఉండలు వేలితో నొక్కితే లోపలికి దిగిపోయాయి. వాటి మధ్యనే డాలియా గుత్తి కొంచెం వాడి, నిక్షేపంగా ఉంది. మెట్ట తామర అయితే అప్పుడే మొగ్గ తోస్తోంది. అదే పెట్టె, అదే చలి, అదే పత్రిక. తేడా వాటి పుట్టింటిది.

డాలియా మెక్సికో కొండసీమల మొక్క. దుంప బిగోనియాల పెద్దలను 1860లలో రిచర్డ్ పియర్స్ అనే ఇంగ్లీషు మొక్కల వేటగాడు ఆండీస్ పర్వతాల్లో ఏరితెచ్చాడు. కొండ రాత్రుల చల్లదనం వీటికి కొత్తకాదు. కాబట్టి 4 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ వాటికి హాయిగా నిద్రపట్టే చలి. చిలగడ, కెలాడియం ఉష్ణమండల అమెరికా వేడి పల్లపు నేలల్లో పుట్టాయి. వాటి కణాల పొరలు చలికి బిగుసుకుపోయి పనిచేయడం మానేస్తాయి. గడ్డకట్టేంత చలి అక్కర్లేదు. చిలగడకు 10 డిగ్రీల కింద కొన్నిరోజులుంటేనే లోపల దెబ్బ తగులుతుంది. పైకి ఏమీ కనిపించదు, వెచ్చటిచోటికి తెచ్చాక కుళ్ళు మొదలవుతుంది. తినే చిలగడదుంపలను ఫ్రిజ్‌లో పెట్టకూడదనేది కూడా ఇందుకే; పెట్టినవి ఎంత ఉడికించినా నడుమ గట్టిగా ఉండిపోతాయి. కాబట్టి చిలగడకు 13 నుంచి 16, అంటే 55 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీటు. కెలాడియానికి 16 కంటే తగ్గకూడదు, 20 దగ్గర ఇంకా సంతోషం. మెట్ట తామర, పెద్దాకుల చేమ మధ్యస్థాలు: 7 నుంచి 12 మధ్య సర్దుకుపోతాయి.

ఇంట్లో ఈ ఊళ్ళు ఎక్కడెక్కడున్నాయో వెతుక్కోవాలి. మా ఇంట్లో కొలిచి చూస్తే, బేస్‌మెంట్‌లో బయటి గోడ వారగా చలికాలమంతా 9, 10 డిగ్రీలు. అది మెక్సికో కొండ. హీటర్ గదికి అవతలి అల్మరా 15, అక్కడ చిలగడ. మేడ మీద బట్టల అల్మరాలో పై అర 20. అది బ్రెజిల్, అంటే కెలాడియం. గరాజు ఏ ఊరూ కాదు, గట్టి చలి పడిన ఏడాది సున్నా కిందికీ పోవచ్చు. పది డాలర్ల లోపు దొరికే చిన్న థర్మామీటరు మూడు చోట్ల మూడు రోజులు పెట్టి చూస్తే ఎవరి ఇంటి పటం వాళ్ళకు దొరుకుతుంది. పుస్తకాల్లో 'చల్లని పొడి ప్రదేశం' అని రాస్తారే, అది ఎవరికీ ఏమీ చెప్పని మాట.

అసలు నేలలోనే ఉంచేయకూడదా అని అడగవచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో సవరించిన చలిమండలాల పటంలో మధ్య న్యూజెర్సీ చాలావరకు 7వ మండలం: ఏడాదిలో అతి చల్లటి రాత్రి సగటున సున్నాకు 12 నుంచి 18 డిగ్రీల దిగువకు పోతుంది. అంత చలిలోనూ భూమి పైపొరే గడ్డకడుతుంది. లోతుగా పాతి పైన ఎండుటాకులు మందంగా కప్పిన మెట్ట తామర, గోడవారన నాటిన డాలియా ఒక్కోసారి బతుకుతాయి. కుండీకి ఆ అదృష్టం లేదు. పైనుంచే కాక నాలుగుపక్కల నుంచీ చలి కొడుతుంది, మట్టి మొత్తం రాయవుతుంది.

ఈ మొక్కలకు మంచు సంగతే తెలియదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అవి దుంప కట్టుకున్నది ఎండాకరువుకు. మెక్సికో కొండల మీద చలికాలం వానలు లేని కాలం. మన అడవుల్లో అగ్నిశిఖ కూడా తొలకరికి లేచి, వానలు వెనకబట్టాక ఎండి, మళ్ళీ జూన్ దాకా నేల కింద పడుకుంటుంది. కాబట్టి దుంపను దాచడమంటే దానికి ఒక నకిలీ కరువు చూపించడం. కరువు మరీ ఎక్కువైతే వడలిపోతుంది, తడి మిగిలితే కుళ్ళిపోతుంది. చలికాలమంతా మనం నడిచేది ఈ రెంటి మధ్యనే.

తవ్వే సమయం కూడా మొక్కను బట్టే. డాలియా, మెట్ట తామరలను తొలి ఫ్రాస్టు తగిలి ఆకులు నల్లబడేదాకా ఉంచవచ్చు. చిలగడ, కెలాడియం మాత్రం అంతదాకా ఆగకూడదు. రాత్రులు 10 డిగ్రీలకు దిగుతున్నాయంటేనే తీసేయాలి. ఫ్రాస్టుకు మాడిన చిలగడతీగ నుంచి కుళ్ళు కిందికి గడ్డలోకి పాకుతుంది.

తీశాక ఆరబెట్టడం దగ్గర చిలగడకు, డాలియాకు దారులు వేరవుతాయి. చిలగడను ఆరబెట్టడం కంటే మాగపెట్టడం అనాలి. 29, 30 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ ఉన్నచోట అయిదారు రోజులు ఉంచితే తవ్వేటప్పుడు తగిలిన గాట్ల కింద బెరడులాంటి కొత్త పొర కడుతుంది. ఆ పొర ఉంటే కుళ్ళు లోపలికి పోదు. పొలాల్లో దీనికి పెద్ద గదులు కడతారు. ఇంట్లో అయితే చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సంచిలో, తడి గుడ్డ ముక్కతోపాటు, హీటర్ దగ్గర వేలాడదీస్తే సరిపోతుంది. కడగకూడదు, తొక్క పలచన, గీతపడితే మళ్ళీ మొదటికొస్తుంది. తర్వాత ఒక్కొక్కటీ పత్రికలో చుట్టి పెట్టెలో.

డాలియాకు ఇంత వేడి పెడితే వడలిపోతుంది. కాడను జానెడు ఉంచి కోసి, తలకిందులుగా పెట్టి ఒకటి రెండు రోజులు నీడలో ఉంచితే బోలుకాడలో నిలిచిన నీళ్ళు కారిపోతాయి. ఆ నీళ్ళను వదిలేస్తే సరిగ్గా కన్ను ఉన్నచోటే కుళ్ళుతుంది. తర్వాత కొంచెం చెమ్మ ఉన్న వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు పొట్టులోనో, పెంపుడు కుందేళ్ళకు వేసే చెక్కపొట్టులోనో గడ్డలు ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. ఎంత చెమ్మ? పిడికిట పట్టి నొక్కితే చల్లగా తెలియాలి, నీటిచుక్క రాలకూడదు. గుత్తిని విడదీయడం వసంతానికి వాయిదా వేయమంటాను. అప్పుడు కళ్ళు ఉబ్బి కనిపిస్తాయి, గుడ్డిగా కోయనక్కర్లేదు.

కెలాడియానికీ బిగోనియాకూ అగ్నిశిఖకూ ఇంత తతంగం అక్కర్లేదు. ఆకులు వాలిపోయాక నీళ్ళు మానేసి, కుండీని కుండీగానే లోపల వాటి వాటి ఊళ్ళో పెట్టేయవచ్చు. ఎండిన మట్టే వాటికి పెట్టె. ముఖ్యంగా అగ్నిశిఖ గడ్డ పెళుసు, కొసన ఒకే ఒక్క కన్ను, ముట్టుకోకపోవడమే మేలు.

చిలగడకు ఇంత అవస్థ పడాలా అంటే, నిజానికి అక్కర్లేదు. ఫ్రాస్టుకు ముందు జానెడు తీగ ముక్కలు నాలుగు కోసి గ్లాసుడు నీళ్ళలో పెడితే వారంలో వేళ్ళు వస్తాయి. కిటికీలో కుండీలో పెంచుకుంటే మే నెలకు కొత్త మొక్కలు సిద్ధం. మన రైతులు పొలంలో చిలగడ నాటేదీ తీగ ముక్కలతోనే. దుంపను దాచేది కిటికీలో చోటు లేనివాళ్ళు, లేదా నాలాగా దొరికినదాన్ని పారేయలేనివాళ్ళు.

నెలకోసారి పెట్టె విప్పి చూడాలి. చూడ్డమంటే వాసన చూడ్డం. కుళ్ళు కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. మెత్తబడినదాన్ని వెంటనే తీసేయాలి, మచ్చ చిన్నదైతే గట్టి భాగం దాకా కోసి ఆరబెట్టాలి. వడిలితే నాలుగు చుక్కలు చిలకరించాలి. డాలియా మీద సగం దాకా ముడతలు పడినా పర్వాలేదు, నొక్కితే బోలుగా మోగకపోతే చాలు. రకం పేరు కాగితం మీద రాసి పెట్టెలో వేస్తే కాగితం చివికిపోతుంది. డాలియా పెంచేవాళ్ళు చెరగని పెన్సిలుతో గడ్డ మీదే రాస్తారు. నేనూ అదే చేస్తున్నాను.

హైదరాబాదులో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ డాలియా చలికాలపు పువ్వు. సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటితే డిసెంబరు నుంచి పూస్తుంది. మార్చి ఎండలకు ఎండిపోయాక దాని గడ్డను దాటించాల్సింది వేసవినీ, ఆ తర్వాత వచ్చే వానలనూ. 10 డిగ్రీల చోటు ఇంట్లో ఎక్కడా ఉండదు. పొడి ఇసుక నింపిన మట్టికుండలో, ఇంట్లో అన్నిటికంటే చల్లని మూలన పెట్టి, వానజల్లు తగలకుండా చూసుకోవాలి. అక్కడ వడలిపోయేవి ఎక్కువ, ఇక్కడ కుళ్ళిపోయేవి ఎక్కువ. కెలాడియం, అగ్నిశిఖలకు మాత్రం తెలుగు నేల మీద ఏ పెట్టే అక్కర్లేదు. ఆకులు ఎండాక కుండీకి నీళ్ళు పోయడం మానేసి, తొలకరి దాకా దాన్ని మరిచిపోతే చాలు. ఖాళీ కుండీ అనుకుని ఎవరైనా అందులో తులసి నాటేయకుండా చూసుకోవాలి, అంతే.

మార్చి చివర నిద్ర లేపడం. బిగోనియా బిళ్ళను ప్రమిద గుంట పైకి వచ్చేలా పెట్టాలి. గుంటలో నీళ్ళు పోయకూడదు, చుట్టూ పోయాలి. కెలాడియం ఉండకు మట్టి 21 డిగ్రీలు దాటితే గానీ మెలకువ రాదు. తల ఏదో తోక ఏదో తేలకపోతే పక్కకు వాల్చి పెట్టండి, అదే చూసుకుంటుంది. డాలియాను రెండు వారాలు వెచ్చగా ఉంచి, కళ్ళు ఎర్రగానో పచ్చగానో ఉబ్బాక, ప్రతి ముక్కకూ ఒక గడ్డ, ఒక మెడ, ఒక కన్ను వచ్చేలా కోయాలి. చిలగడను తడిమట్టిలో అడ్డంగా సగం దాకా పూడ్చి 25 డిగ్రీల దగ్గర ఉంచితే మూడు నాలుగు వారాలకు పిలకలు లేస్తాయి. జానెడయ్యాక మెలిపెట్టి తుంచి నాటుకోవడమే. ఇక్కడ ఏదీ మే నడుమకు ముందు బయట పెట్టకూడదు, ఏప్రిల్లో ఎంత ఎండ కాసినా సరే.

అమ్మ గీసిన గులాబీ గడ్డ గోటి గీత మీద బెరడు కట్టుకుని, చలికాలమంతా అల్మరాలో పడుకుని, ఏప్రిల్ మూడో వారానికి ఒక కొస నుంచే ఆరు పిలకలు వేసింది. లేతాకుపచ్చ ఆకులు, కోడికాలి చీలిక. అప్పటికి తెనాలి వెళ్ళిపోయిన అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూసి, "పోనీ ఈ ఆకులైనా పప్పులో వెయ్యవచ్చా?" అంది.